ఏ మేడలోనూ లేని గది

పోయిన వారం మనం ఆవిరమ్మను గాజు మేడ గుమ్మంలో వదిలేశాం. తలుపు దానంతటదే తెరుచుకునేసరికి ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేసింది కదా, పాపం ఇంకా అక్కడే నిలబడి ఉంది. లోపలికి తీసుకెళ్ళే ముందు, మధ్యలో ఒకటి రెండు వారాలు చదవనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి.

ఆవిరమ్మ అసలు పేరు ఆవిడకీ ఆవిడ బ్యాంకు పుస్తకానికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ కత్తులకూ కత్తెరలకూ క్రిములు చచ్చేలా ఆవిరి పట్టే గదిలో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసింది గనక ఆ పేరు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన మొత్తాన్ని ఆసుపత్రి క్యాషియరు మాట మీద ఒక ట్రస్టులో పెట్టింది. పెద్ద పెద్ద ఆఫీసు మేడలు కొని, వాటిని అద్దెకిచ్చి, ఖర్చులు పోగా మిగిలింది మదుపు పెట్టినవాళ్ళందరికీ పంచిపెట్టే ట్రస్టు అది. తెలిసినవాళ్ళు రీట్ అంటారు. "ఇల్లు కొనక్కర్లేదు, సున్నం వేయించక్కర్లేదు, కుళాయి పాడైందని ఎవరూ తలుపు కొట్టరు. అద్దె మాత్రం వచ్చి పడుతుంది. ఓ ఆరొందల యూనిట్లు తీసుకోండి" అన్నాడు క్యాషియరు. తీసుకుంది. నాలుగేళ్ళుగా మూడు నెలలకోసారి ఖాతాలో డబ్బు పడుతోంది. జన్మలో మొదటిసారి ఆవిడ కూర్చుని తింటోంది.

యూనిట్ అంటే ఏమిటని మాత్రం ఎవర్నీ అడగలేదు. కరెంటు యూనిట్ తెలుసు, రక్తం యూనిట్ తెలుసు. ఇది మేడల వ్యవహారం కాబట్టి చదరపు అడుగై ఉంటుందని తనకు తానే తేల్చేసుకుంది. ఒక ఆదివారం పనిగట్టుకుని బస్సెక్కి, ట్రస్టు మేడల్లో ఒకటైన ఈ గాజు మేడకు వచ్చి, మూసి ఉన్న అద్దాల్లోంచే కింద హాల్లో నేల మీది పలకలు లెక్కపెట్టుకుంది. పలక ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు. ఆరువందల పలకలంటే కిటికీ పక్కన మంచి గది వస్తుంది. ఆ రోజు నుంచి ఆ మూల ఆవిడదే.

ఇక ఆవిడ తోటికోడలు. బస్సు డిపో ఎదురుగా ఉన్న పాత కొట్ల వరసలో మూడో కొట్టు ఆమెది, అద్దెకే. డ్రైవర్లకూ కండక్టర్లకూ యూనిఫాం ప్యాంట్లు సరిచేసి, జిప్పులు మార్చి, చిరుగులు కుట్టి ఇంటిని లాక్కొస్తోంది. డిపో మొత్తానికి ఆమె కుట్టక్క. నెల కిందట ఆ వరసకంతా నోటీసులొచ్చాయి. కొట్లు ఎవరో కొన్నారు, పడగొడతారు, ఈ నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. డిపో వెనక వీధిలో మందుల షాపాయన దగ్గర ఒక గది ఉంది. "అడ్వాన్సు కట్టెయ్యమంటారా అక్కా?" అని కుట్టక్క అడిగింది. "నా గదుండగా పరాయివాళ్ళకి అడ్వాన్సు కట్టడమేంటే!" అని ఆవిరమ్మ కసిరింది. మందుల షాపాయన మంచివాడు కాబట్టి ఈ రోజు సాయంత్రం అయిదు దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఆ గది జిరాక్సు కొట్టుకు పోతుంది. నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులు.

ఇదీ సంగతి. ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర. ఆవిరమ్మ లోపలికి నడిచింది.

ఏడో అంతస్తులో మదుపుదారుల విభాగంలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. జలుబు చేసి ముక్కు ఎర్రగా కందిపోయింది. బల్ల మీద కాగితపు రుమాళ్ళ పెట్టె, పక్కన వేణ్ణీళ్ళ ఫ్లాస్కు.

"కూర్చోండమ్మా. చెప్పండి."

"గది తాళంచెవి కోసం వచ్చానమ్మా" అంది ఆవిరమ్మ. సంచిలోంచి కాగితాల కవరు తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే కుట్టక్క దగ్గర అడిగి తెచ్చుకున్న కొలత టేపు కూడా పెట్టింది. "ఒకసారి కొలుచుకుని కూడా వెళ్తాను. మిషన్లు మూడున్నాయి, సరిపోతాయో లేదో చూసుకోవాలి."

అమ్మాయి కాగితాలు చూసింది, టేపు చూసింది, మళ్ళీ కాగితాలు చూసింది.

"ఏ గదండీ?"

"నా గదే. ఆరొందల యూనిట్లు. కింద హాల్లో కుడిచేతి వైపు కిటికీ పక్కన నేను చూసుకున్నాను. అక్కడ కుదరదంటే పైన ఎక్కడిచ్చినా ఫర్వాలేదు, లిఫ్టుంది కదా."

ఆ అమ్మాయి నవ్వి ఉంటే బాగుండేదని తర్వాత ఆవిరమ్మకు చాలాసార్లు అనిపించింది. నవ్వితే కోపమైనా తెచ్చుకోవచ్చు. ఆ అమ్మాయి నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "మీకు ఇవి ఎవరు కొనిపెట్టారండీ?" అని అడిగింది.

"మా క్యాషియరు. ఎందుకు? ఏమైనా మోసమా?"

"మోసమేం లేదండీ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీ ఆరువందలూ మీ పేరు మీదే ఉన్నాయి. కాకపోతే యూనిట్ అంటే గది కాదండీ. అడుగూ కాదు. వాటా. ఈ ట్రస్టుకి మొత్తం పద్నాలుగు బిల్డింగులున్నాయి. అన్నీ కలిపి ఒక ముద్ద అనుకోండి. ఆ ముద్దని కోట్ల యూనిట్లు చేశారు. అందులో మీవి ఆరువందలు."

"అదే నేనూ అంటున్నాను. నావి నాకు చూపించు."

"చూపించడానికి విడిగా ఉండవమ్మా. పద్నాలుగింటిలోనూ కొంచెం కొంచెం ఉంటాయి."

"ఈ మేడలో ఎంతుంది?"

అమ్మాయికి ఇలాంటి లెక్క ఎవరూ అడిగి ఉండరు. క్యాలిక్యులేటర్ మీద కాసేపు నొక్కింది. మళ్ళీ నొక్కింది. చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, "ఒక పలకంత వస్తుందేమోనండీ" అంది.

"ఆ పలకేదో చెప్పు."

"అలా ఇదీ అని చెప్పలేమండీ."

ఆవిరమ్మ ముప్పై ఒక్కేళ్ళు లెక్క మీద బతికిన మనిషి. ఆపరేషన్‌కు ఎన్ని కత్తెరలు వెళ్ళాయో అన్నీ తిరిగి రావాలి. ఒకటి తగ్గితే డాక్టరుగారు కుట్లు వేయడం ఆపేసి నిలబడాల్సిందే. ఎక్కడుందో వేలుపెట్టి చూపించలేని వస్తువు పోయినట్టే లెక్క, ఆవిడ గదిలో అదే నియమం. ఇప్పుడీ పిల్ల అన్నీ ఉన్నాయంటోంది, ఒక్కటీ చూపించలేనంటోంది.

"పద్నాలుగు మేడల్లో ఉండి, ఒక్క చోటా లేకపోవడమేంటమ్మా!"

ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. పక్క బల్ల దగ్గరున్న పెద్దమనిషి తలెత్తి చూశాడు. అమ్మాయి ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు పోసి ఆవిడ ముందుకు జరిపింది. ఆవిరమ్మ తాగింది. తాగుతుంటేనే విషయం తలకెక్కింది. గదులు కడిగే నీళ్ళ బకెట్టులో మూతెడు మందు పోస్తే అది నీళ్ళన్నిటిలోనూ ఉంటుంది, ఇక ఎవడొచ్చినా ఆ మూతెడూ వెనక్కి తీసివ్వలేడు. నాలుగేళ్ళలో ఒక్కసారి అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్ళు. పెద్దగా చదువుకోనిదానినని తెలిసిపోతుందని అడగలేదు. పోనీ ఆ సిగ్గు తనతోనే ఉండిపోయినా బాధ లేకపోను. ఊరుకోకుండా కుట్టక్కకు గది ఇస్తానని నోరు జారింది.

"అమ్ముకుంటే డబ్బు వస్తుంది కదండీ" అంది అమ్మాయి, ఏదో ఒక మంచిమాట చెప్పాలని. "మార్కెట్ ఉన్న ఏ రోజైనా అమ్ముకోవచ్చు. రెండు మూడు రోజుల్లో ఖాతాలో పడిపోతుంది. కానీ తొందరపడకండి. ముందు ముందు మీకు వచ్చేది ఇంకా పెరుగుతుంది. ఇదిగో, కొత్తగా కొన్న ఆస్తి."

రంగు కాగితాల పుస్తకం ఒకటి తీసి, చివరి పేజీ తెరిచి ఆవిడ వైపు తిప్పింది. మంచి ఉద్దేశంతోనే తిప్పింది, ఆ అమ్మాయినేమీ అనడానికి లేదు.

"పాత కొట్లండీ. బస్సు డిపో ఎదురుగా. చాలా మంచి స్థలం. వీటిని ఖాళీ చేయించి పన్నెండంతస్తులు కడతారు. అది అద్దెకి పోయిందంటే అందరికీ లాభమే."

ఫోటో ఎండలో తీశారు. వరసగా ఎనిమిది కొట్లు. మూడోదానికి నీలంరంగు షట్టరు, దాని మీద తెల్ల పెయింటుతో చేత్తో రాసిన అక్షరాలు: "ప్యాంట్లు పొట్టి చేయబడును. జిప్పులు వేయబడును." ఫోటోలో అక్షరాలు చీమలంత ఉన్నా ఆవిరమ్మకు చదవక్కర్లేకపోయింది. "పొట్టి చేయబడును అంటే జనం నవ్వుతారే" అని కుట్టక్కతో పోట్లాడింది తనే.

"వీళ్ళని పొమ్మన్నది ఎవరు?" అని అడిగింది.

"ట్రస్టేనండీ."

"ట్రస్టంటే ఎవరు? మనిషెవరు?"

"ఒక మనిషని కాదండీ... యూనిట్లున్నవాళ్ళందరూ. ఇంత పెద్ద కొనుగోలు కాబట్టి పోయిన ఏడాది అందరికీ ఓటింగు కాగితం కూడా పంపాం. మీకూ వచ్చే ఉంటుంది. తొంభై శాతం మంది సరేనన్నారు."

వచ్చింది. రాకేం! ఆవిడ పేరు అచ్చులో వేసి, "గౌరవనీయులైన యూనిట్ హోల్డర్" అని వచ్చింది. ఆసుపత్రిలో అన్నేళ్ళలో గౌరవనీయులనే మాట ఆవిడ వైపు ఎవరూ విసరలేదు. ఆ కాగితాన్ని రెండు రోజులు అద్దం పక్కన పెట్టుకుని, మూడో రోజు ప్రతి గడిలోనూ "అనుకూలం" దగ్గర శుభ్రంగా టిక్కు పెట్టింది. పెద్దవాళ్ళు అడిగితే వద్దనడం మర్యాద కాదు కదా!

అమ్మాయి ఇంకా ఏదో చెబుతోంది. ఆవిరమ్మ కాగితాలు సర్దుకుని, టేపు చుట్టి సంచిలో వేసుకుని లేచింది. "జలుబుకి ఆవిరి పట్టు తల్లీ, తగ్గిపోతుంది" అని చెప్పి మరీ వచ్చేసింది. అంత కష్టంలోనూ ఆ అలవాటు పోలేదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గానీ ఆవిడ బయటికి చూడలేదు. ఏమని చెప్పాలా అని ఆలోచించింది. గది సిద్ధం కాలేదు, ఇంకో నెల పడుతుందట అనొచ్చు. అక్కడ కుట్టుమిషన్లు పెట్టనివ్వరట అనొచ్చు. ఈ రెండోది బాగుంది, ఎవరికీ తప్పు అంటదు. రెండు స్టాపులు ఆ అబద్ధాన్ని పట్టుకుని ధైర్యంగానే కూర్చుంది. మూడో స్టాపులో ఇంకోటి గుర్తొచ్చింది. ఆ ఓటింగు కవరుకు గమ్ము రాసి, డిపో దగ్గర పోస్టు డబ్బాలో వేసింది కుట్టక్కే. "మా అక్కకి ఎంత పెద్దవాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారో" అని ఇద్దరు డ్రైవర్లకు చూపించి మరీ వేసింది. ఆవిరమ్మకు ఏడుపొచ్చింది. కొంగు లాగి కళ్ళు తుడుచుకుంటే పక్క సీటామె "దుమ్మండీ, కిటికీ వేసేయండి" అంది.

కొట్టు దగ్గరికి వచ్చేసరికి అయిదుకు ఇంకా పది నిమిషాలుంది.

కుట్టక్క సగం సామాను అప్పుడే కట్టేసింది. అంచులు కుట్టే మిషన్ పాత దుప్పటిలో ఉంది. దారపు రీళ్ళు రంగుల వారీగా అట్టపెట్టెల్లో ఉన్నాయి. మిగిలిన ఒక్క మిషన్ దగ్గర కూర్చుని ఎవరో కండక్టరు ప్యాంటుకు అంచు మడుస్తోంది.

"వచ్చేశారా అక్కా! తాళం ఇచ్చారా?"

"ఇవ్వలేదే."

"రేపిస్తారా? పోన్లెండి, తొమ్మిది రోజులుంది. కిటికీ పక్కదేనా? వెలుతురుంటుందా? నల్లబట్ట మీద నల్లదారం కనిపించక చస్తున్నాను ఇక్కడ." సమాధానం కోసం కూడా ఆగలేదు, అంత సంతోషంగా ఉంది. "పొద్దున్న మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. లోడు దింపి వచ్చేస్తాడట, మిషన్లు ఎక్కించడానికి. గాజు మేడలో షాపంటే ఇక నిన్ను మేడంగారూ అనాలేమో అంటున్నాడు."

ఆవిరమ్మ స్టూలు మీద కూర్చుంది. బస్సులో సిద్ధం చేసుకున్న అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పెయ్యొచ్చు. చెప్పి, మందుల షాపాయన దగ్గరికి ఇద్దరూ పరుగెత్తొచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ తలపైన చుట్టి ఉన్న షట్టరు మీద ఆ తెల్ల అక్షరాలున్నాయి. రేపు పడగొట్టేవాడు వాటిని ఆవిడ పేరు చెప్పే పడగొడతాడు.

"ఆ నోటీసు ఏదీ? ఒకసారి ఇలా ఇవ్వు" అంది.

కుట్టక్క బొత్తాల డబ్బాలోంచి మడతపెట్టిన కాగితం తీసిచ్చింది. "ఇప్పుడదెందుకక్కా? నేను సరిగ్గా చదవను కూడా లేదు. ఖాళీ చెయ్యమన్నారని అర్థమైంది, చాలదా?"

"కింద ఎవరి పేరుందో చూశావా?"

"ఏదో బారెడు పేరు. ఎవరైతేనేం? ఎనిమిది కొట్ల ఉసురు పోసుకున్నాడు, వాడెవడో గానీ సుఖంగా ఓ ముద్ద తింటాడా? పక్క కొట్టు గడియారాలాయన నోటీసు చూసి పిల్లాడిలా ఏడ్చాడక్కా. అరవయ్యేళ్ళ మనిషి. వాడు గనక నాకు కనిపిస్తేనా..." అని ప్యాంటు ఒక్క విదిలింపు విదిలించింది.

ఆవిరమ్మ కాగితం మడత విప్పింది. అడుగున ట్రస్టు పేరు ఉంది. నాలుగేళ్ళుగా మూడు నెలలకోసారి ఫోనులో చూసుకుని మురిసిపోయిన పేరే.

"వాడు కాదే" అంది.

"అంటే? ఆడమనిషా? మీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"ఎవరు?"

"నేనే."

కుట్టక్క చేతిలో ప్యాంటు ఒడిలోకి జారింది. ఆవిరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. తిడుతుందనుకుంది. తిడితే పడాలని కూడా నిశ్చయించుకుంది. చిన్నదైనా సరే, ఈ రోజు దానికి ఆ హక్కుంది.

నవ్వు వినిపించి కళ్ళు తెరిచింది.

"మీరా!" కుట్టక్క రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని నవ్వుతోంది. "ఈ వరస కొన్నది మీ వాళ్ళేనా? అయ్యో, తెలియక నానా మాటలూ అన్నాను, లెంపలేసుకుంటున్నాను. హమ్మయ్య! నెల రోజులుగా నిద్ర లేదక్కా నాకు. అయితే ఇంకేం? ఆపెయ్యమని చెప్పండి! నేనిక్కడే ఉంటాను, గడియారాలాయనా ఇక్కడే ఉంటాడు. మీ మూల గదిని ఇంకెవరికైనా అద్దెకిచ్చుకోండి, మంచి అద్దె వస్తుంది."

"అది కాదే చిన్నీ, నేను చెప్పేది..."

"ఉండండి, మందుల షాపాయన పాపం మన కోసం గది అట్టిపెట్టుకు కూర్చున్నాడు. అక్కర్లేదని ముందు ఆయనకి చెప్పేద్దాం." కుట్టక్క అప్పటికే ఫోను తీసి నొక్కేసింది. అవతల మోగుతుండగానే దాన్ని ఆవిరమ్మ చేతిలో కుక్కింది. "మీరే చెప్పండక్కా. ఓనరు నోటితో చెబితే దర్జాగా ఉంటుంది."

అని, మడత జారిన అంచును మళ్ళీ సరిచేయడానికి నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

మోగడం ఆగింది.

"ఆ, చెప్పమ్మా" అన్నాడు మందుల షాపాయన. "ఇక్కడ జిరాక్సాయన అడ్వాన్సు చేత్తో పట్టుకుని నా ముందే నిలబడ్డాడు. గది నీకుంచమంటావా, ఇచ్చెయ్యమంటావా?"

ఆవిరమ్మ ఫోను చెవికి ఆనించుకుంది. పెదాల మధ్య సూదులతోనే కుట్టక్క ఆవిడ ముఖంలోకి చూస్తూ, చెప్పెయ్యండి అన్నట్టు తల ఊపింది.